పాలు తగ్గించండి, గుడ్డు మళ్లీ మొదలుపెట్టండి

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. కావలి దగ్గర ఊరు, బాబుకి 22 నెలలు, బరువు 10 కిలోలు. వానలు మొదలైన దగ్గర్నుంచి మూడుసార్లు పిల్లికూతలతో ఆయాసం వచ్చింది, రెండుసార్లు నెబులైజరు పెట్టించారు. హిమోగ్లోబిన్ 8.9, అంటే రక్తం తక్కువ. "ఆరో నెలకే అన్నం, ఏడో నెలకే గుడ్డు పెడితివి, అందుకే రొమ్ము పట్టింది" అని మీ అత్తగారు అంటున్నారు. ఆ మాట మీద గుడ్డు, చేప, అరటిపండు, పెరుగు ఆపేశారు. ఇప్పుడు బాబు ఇంటి గేదెపాలు రోజుకి లీటరు దాకా తాగుతున్నాడు. ఐరన్ తక్కువైతే ఉబ్బసం వస్తుందని ఎవరో చెప్పారు, మరి ఐరన్ టానిక్కు తాగిస్తే ఆయాసం పోతుందా అని మీ ప్రశ్న. మీకిప్పుడు ఐదో నెల అని కూడా చివర్లో ఒక ముక్క రాశారు. ఆ ముక్కకి కూడా జవాబు ఉంది.

నెల్లూరులో పిల్లల డాక్టరుగా ముప్పయ్యేళ్ల నుంచి ఇదే పని చేస్తున్నాను. ముందు మీ మనసులో బరువు దించుకోండి. ఆరు నెలలు నిండగానే అన్నం మొదలుపెట్టి మీరేం తప్పు చేయలేదు. మగపిల్లవాడికి ఆరో నెల, ఆడపిల్లకి ఐదో నెల అని అన్నప్రాశన ఆనవాయితీ పెట్టిన పెద్దవాళ్లకి రక్తపరీక్షలు తెలియవు గానీ, లెక్క మాత్రం దాదాపు కుదిరింది. బిడ్డ తల్లి కడుపులోంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ నాలుగు నుంచి ఆరు నెలల్లో కరిగిపోతుంది. తల్లిపాలలో ఐరన్ చాలా కొంచెం, లీటరుకి అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఉన్నదాంట్లో సగం దాకా ఒంటికి పడుతుంది కాబట్టి ఆరు నెలలు నెట్టుకొస్తుంది. ఆ తర్వాత తిండిలోంచే రావాలి. అన్నప్రాశన రోజు ఫోటోల కోసం ఒక మెతుకు నాకించి, మళ్లీ పది నెలల దాకా పాల మీదే ఉంచే ఇళ్లు నేను చూసినన్ని మీరు చూసి ఉండరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీవాడు వింత కేసేమీ కాదు. అంగన్‌వాడీలో పక్కన కూర్చున్నవాడికీ ఉండే ఉంటుంది.

అసలు చిక్కు ఆ లీటరు పాలలో ఉంది. చిక్కటి గేదెపాలు లీటరంటే వెయ్యికి పైగా కేలరీలు. ఆ వయసు బిడ్డకి రోజంతటికీ కావలసింది దాదాపు అంతే. పొట్ట నిండిపోయాక ముద్ద ఎక్కడ పడుతుంది? "ముద్ద ముట్టడు సార్, పాలైతే గటగటా తాగేస్తాడు" అని తల్లులు చెబుతుంటారు. ముద్ద ముట్టకపోవడానికి కారణం ఆ గటగటే. ఇక ఐరన్ సంగతి చూస్తే, ఈ వయసుకి రోజుకి 8 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. లీటరు పాలలో ఉండేది ఒక మిల్లీగ్రాముకి అటూ ఇటూ, ఒంటికి పట్టేది అందులో పదోవంతు. పైగా పాలలోని కాల్షియం పక్కనున్న తిండిలోని ఐరన్‌ని కూడా పట్టనివ్వదు. ఏడాదిలోపు పసివాళ్లలో అయితే ఈ పాల వల్ల పేగులోంచి కంటికి కనపడనంత రక్తం కూడా పోతుంటుంది. అందుకే ఏడాది నిండేదాకా గేదెపాలు, ఆవుపాలు ప్రధాన ఆహారంగా వద్దంటాం, ఆ తర్వాత రోజుకి అర లీటరు దాటొద్దంటాం. సీసాతో తాగుతుంటే ముందు సీసా అవతల పారేయండి. గ్లాసులోకి మారితే సగం పాలు వాటంతటవే తగ్గుతాయి. రెండు మూడు రోజులు ఇల్లు పీకి పందిరేస్తాడు, తట్టుకోండి. ఆకలేస్తే పప్పన్నం దగ్గరికి వాడే వస్తాడు.

గుడ్డు, చేప ఆపడం గురించి చెప్పేముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఒక సలహా ఇచ్చింది. అలర్జీలున్న కుటుంబాల్లో పిల్లలకి గుడ్డు రెండేళ్ల దాకా, వేరుశనగ, చేప మూడేళ్ల దాకా పెట్టొద్దని. నేను దాన్ని తెలుగులో రాసి, జిరాక్సులు తీయించి, ఆయాసంతో వచ్చిన ప్రతి బిడ్డ తల్లికీ పంచాను. 2008లో అదే సంఘం ఆ సలహాకి తగిన ఆధారం లేదని వెనక్కి తీసుకుంది. నా జిరాక్సులు మాత్రం వెనక్కి రాలేదు. మొన్నామధ్య ఒక నాయనమ్మ మడతలు పడ్డ కాగితం తీసి, "మీరే గదా సార్, మా పెద్దోడప్పుడు రాసిచ్చింది! ఇప్పుడు గుడ్డు పెట్టమంటే ఎట్టా?" అని నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. కాగితం తీసుకుని చింపేశాను.

ఆ సలహా ఎంత తలకిందులైందంటే, 2015లో ఫలితాలు బయటికొచ్చిన లండన్ పరిశోధనలో అలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి వేరుశనగ క్రమం తప్పకుండా తినిపించారు, రెండో జట్టుకి ఐదేళ్ల దాకా దూరంగా ఉంచారు. తిన్న జట్టులో వేరుశనగ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. ఫిన్లాండులో పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు పిల్లల్ని గమనించినప్పుడు కూడా, గుడ్డు పదకొండు నెలల్లోపు, చేప తొమ్మిది నెలల్లోపు మొదలుపెట్టినవాళ్లలో అలర్జీ జబ్బులు ఎక్కువ కాలేదు సరికదా, తక్కువగా కనపడ్డాయి. అది ప్రయోగం కాదు, గమనింపు మాత్రమే కాబట్టి "గుడ్డు పెడితే ఉబ్బసం రాదు" అని నేను ప్రమాణం చేయను. పెడితే వస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. తల్లిపాల విషయంలోనూ ఇంతే నిజం చెప్పాలి. బెలారస్ దేశంలో పదమూడు వేలకు పైగా పిల్లల్ని ఆరున్నరేళ్ల వయసులో పరీక్షిస్తే, తల్లిపాలను బాగా ప్రోత్సహించిన ఆసుపత్రుల్లో పుట్టినవాళ్లకీ మిగతావాళ్లకీ ఉబ్బసంలో తేడా రాలేదు. తల్లిపాలు పసితనంలో నిమోనియాని, విరేచనాలని తగ్గిస్తాయి, ఆ ఒక్కటి చాలు వాటి గొప్పతనానికి. ఉబ్బసం వచ్చిన బిడ్డ తల్లి మీద "పాలు సరిగ్గా ఇవ్వలేదు" అని మళ్లీ నేరం మోపకూడదని ఈ సంగతి చెబుతున్నాను.

మీవాడు ఏడో నెల నుంచి గుడ్డు తిన్నాడు కదా. తిన్న రెండు గంటల్లోపు ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదాలు, కళ్లు వాయడం, వెంటనే వాంతులు, అప్పటికప్పుడు ఆయాసం, ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా? జరిగి ఉంటే ఇంట్లో పెట్టొద్దు, డాక్టరు దగ్గరే తేల్చుకోవాలి. జరగకపోతే గుడ్డు వాడికి శత్రువు కాదు. ఆదివారం గుడ్డు తింటే బుధవారం జలుబు చేసి, గురువారం పిల్లికూతలు వచ్చాయంటే ఆ నేరం గుడ్డుది కాదు, ఇంట్లోకో అంగన్‌వాడీలోకో వచ్చిన వైరస్‌ది. అరటిపండు, పెరుగు సంగతీ ఇంతే. బాగా ఉడికించిన గుడ్డు సగంతో రేపే మొదలుపెట్టండి. అన్నట్టు, వేరుశనగ తిన్న పిల్లల సంగతి చెప్పాను కదా అని శెనక్కాయ పలుకులు చేతిలో పోయకండి. నూరి పెట్టాలి, ఐదేళ్ల దాకా పలుకు వద్దు. ఏడుస్తూ పలుకు మింగితే అది ఊపిరిగొట్టంలోకి పోతుంది. నెలరోజులు ఉబ్బసం మందులు వాడి, తగ్గక నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒక పక్క మాత్రమే కూత వినపడి, చివరికి గొట్టంతో శెనక్కాయ బద్ద బయటికి తీసిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఐరన్‌కీ ఉబ్బసానికీ సంబంధం ఉందా? ఉంది, కానీ ఆ చెప్పినాయన అన్నంత సూటిగా లేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ చుట్టుపక్కల 1990ల మొదట్లో పుట్టిన వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 2004లో వాళ్లు చూపించిందేమిటంటే, బొడ్డుతాడులో ఐరన్ తక్కువగా ఉన్న పిల్లల్లో తర్వాత పిల్లికూతలు, గజ్జి లాంటి అలర్జీ చర్మం కొంచెం ఎక్కువ. గర్భంలో తల్లికి రక్తహీనత ఉన్నప్పుడు బిడ్డకి పిల్లికూతలు ఎక్కువని ఇంకొన్ని పరిశీలనలూ చెప్పాయి. ఐరన్ తగ్గితే అలర్జీ వైపు మొగ్గే రక్షణ కణాలు తట్టుకుని నిలబడతాయి, సూక్ష్మక్రిములతో పోరాడే కణాలు ముందు నీరసిస్తాయి అని ప్రయోగశాలల్లో కనపడింది.

కానీ బాణం రెండో వైపు కూడా తిరుగుతుంది. బిడ్డకి మాటిమాటికీ జలుబు, దగ్గు, జ్వరం వస్తుంటే ఒంట్లో వాపు ఉంటుంది. ఆ వాపుకి కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదులుతుంది. అది పేగు దగ్గర తలుపేసినట్టు ఐరన్‌ని లోపలికి రానివ్వదు. పైగా ఆయాసం అనగానే మన ఇళ్లలో మొదట చేసే పని తిండి ఆపడం. గుడ్డు పోయె, చేప పోయె, పెరుగు పోయె, మిగిలింది పాలు, బిస్కెట్లు. ఇక రక్తం ఎందుకుంటుంది? మీ బాబు విషయంలో నాకు తోచింది ఈ రెండోదే. ఐరన్ లేక ఆయాసం వచ్చిందనే దానికంటే, ఆయాసం వచ్చిందని చేసిన పథ్యం ఐరన్‌ని ఇంకా కిందికి లాగింది.

కాబట్టి టానిక్కు ఆయాసానికి మందు కాదు. ఉబ్బసం వైద్యంలో ఐరన్‌కి చోటు లేదు. అయినా టానిక్కు మానకూడదు, ఎందుకంటే రక్తహీనత దాని మటుకు అదే జబ్బు. ఈ రెండేళ్లలో మెదడు పెరుగుతుంది, దానికి ఐరన్ కావాలి. మన దేశంలో 2006లో వచ్చిన ఒక పరిశీలనలో, రక్తహీనత ఉన్న పిల్లలకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం ఐదు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. ఇన్ఫెక్షన్ తగ్గితే ఈ వయసులో పిల్లికూతలూ తగ్గుతాయి. అంత మేరకు ఐరన్ చుట్టుదారిలో సాయం చేయొచ్చు. బియ్యం నమలడం, గోడకున్న సున్నం గీకి నోట్లో పెట్టుకోవడం, మట్టి తినడం ఉన్నాయా గమనించండి. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలం తిరిగిపోవడం కూడా ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఎక్కువ. చాలామంది దాన్ని కూడా ఉబ్బసమే అనుకుంటారు.

ఇది ఉబ్బసమేనా అంటే, 22 నెలలకి ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అమెరికాలోని టూసాన్‌లో 1980ల నుంచి పిల్లల్ని చూస్తూ వచ్చిన పరిశీలనలో మూడేళ్ల లోపు మూడోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు పిల్లికూతలు వచ్చాయి. వాళ్లలో 60 శాతం మందికి ఆరేళ్లకల్లా పోయాయి. తల్లికో తండ్రికో ఉబ్బసం ఉండటం, బిడ్డకి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద మచ్చలు ఉండటం, జలుబు లేకుండానే నవ్వినా పరుగెత్తినా కూత రావడం, ఇవి ఉంటే ఉబ్బసం వైపు ఎక్కువగా ఆలోచిస్తాం. మీ డాక్టరు గొట్టం, మాస్కు తగిలించి ఇన్‌హేలర్ ఇస్తే "అలవాటైపోతుందేమో" అని దాచిపెట్టకండి. అలవాటవదు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు కూడా తాగలేకపోతున్నా, పెదాలు నీలం తిరిగినా, మగతగా ఉన్నా రాత్రీ పగలూ చూడొద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. రక్తం తక్కువున్న బిడ్డ ఆయాసంలో తొందరగా అలసిపోతాడు. మృగశిర కార్తెకి చేప ప్రసాదానికి తీసుకెళ్తామని మీ వాళ్లు అంటారేమో. రెండేళ్ల బిడ్డ గొంతులో బతికున్న చేపని పెట్టడం నాకు ఇష్టం లేదు. చేప మీద అంత గురి ఉంటే పులుసులోది పెట్టండి.

వంటింట్లోకి వద్దాం. నెల్లూరు చేపల పులుసు కారం బిడ్డకి తగదు. పులుసు కాగుతుండగానే, కారం వేయకముందే ముక్క తీసి పక్కన పెట్టి, ముల్లు వేలితో వెతికి వెతికి తీసి అన్నంలో పిసకండి. జువ్వలదిన్నె వైపు నుంచి కవళ్లు, కానాగంతలు మీ ఊరికి వస్తూనే ఉంటాయి. చవకవి అని చిన్నచూపు వద్దు. మాంసం తినే ఇల్లే కదా, కోడి కాలేయం వారానికి ఒకటి రెండుసార్లు, బొటనవేలంత ముక్క మెత్తగా ఉడికించి పెడితే, ఏ టానిక్కు కంపెనీ పొగిడే బీట్‌రూట్ కంటే అది మేలు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది గానీ రక్తానికి అందులో పెద్దగా ఏమీ లేదు. తోటకూర పప్పులో చివర్లో నిమ్మకాయ పిండండి. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు లారీల్లో ఢిల్లీ దాకా పోతాయి, మన బిడ్డల పళ్లెంలోకి మాత్రం రావు! ఆకుకూర, పప్పు, చిరుధాన్యాల్లోని ఐరన్ మామూలుగా చాలా కొంచెమే పడుతుంది. ఆ నిమ్మరసంలోని సి విటమిన్ దాన్ని రెండు మూడు రెట్లు చేస్తుంది. చింతపండుకి ఆ గుణం అంతగా లేదు. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించిన పిండితో జావ కాయండి, మొలకెత్తితే ఐరన్‌ని బంధించి ఉంచేది తగ్గుతుంది. కానీ ఆ జావలో పాలు పోసి చిక్కగా చేసి "ఐరన్ పెట్టాం" అనుకోవద్దు. సజ్జలో రాగి కంటే ఐరన్ ఎక్కువ, ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లలో ఒకప్పుడు అందరి తిండీ అదే. టమాటా పప్పు ఇనుప మూకుడులో చేస్తే పులుపుకి ఆ ఇనుము కొంత కూరలోకి దిగుతుంది. సాయంత్రం టీలో బిస్కెట్టు ముంచి పెట్టడం ఈరోజే ఆపండి. టీ చేసే చెడు పాలకంటే తక్కువేమీ కాదు.

టానిక్కు మోతాదు మీ డాక్టరు బరువుని బట్టి రాసి ఉంటారు, మామూలుగా కిలోకి రోజుకి 3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పాలతో కలపొద్దు. పాలకీ దానికీ మధ్య రెండు గంటలన్నా ఉండాలి. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దు. పళ్లు నల్లబడితే తుడిస్తే ఆ నలుపు పోతుంది. "వేడి చేస్తది" అని వారానికే మానేయడం మనవాళ్ల అలవాటు. నెల తర్వాత పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగి 11 దాటాక కూడా ఇంకో రెండు మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ చేరుతుంది. సరిగ్గా తాగించినా కదలకపోతే తలసీమియా లాంటి, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు ఉన్నాయేమో చూడాలి, టానిక్కు బ్రాండు మార్చుకుంటూ పోవడం కాదు. ఈ కోర్సు నడుస్తున్నప్పుడు అంగన్‌వాడీ, ఆశ కార్యకర్త వారానికి రెండుసార్లు తాగించమని ఇచ్చే సిరప్ సంగతి కూడా మీ డాక్టరుకి చెప్పండి, రెండూ కలిపి పోయకుండా. నులిపురుగుల మందు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తారు, అది తప్పించకండి.

మీవాడికి మూడుసార్లూ ఆయాసం అక్టోబరు తర్వాతే వచ్చిందన్నారు. మన జిల్లాకి ఈశాన్య రుతుపవనం ఆ నెలల్లోనే కురుస్తుంది. గోడలు చెమ్మగిల్లి బూజు పడతాయి, జలుబు వైరస్‌లు తిరుగుతాయి, తలుపులన్నీ మూసి దోమల చుట్ట వెలిగిస్తాం. తలంటి పోశాక సాంబ్రాణి పొగలో బిడ్డని పట్టుకోవడం మీ అత్తగారు మానరని ఊహించగలను. పొగ లేని సాంబ్రాణి ఉండదు. జుట్టు తువ్వాలుతో ఆరుతుంది, ఆవిడతో మెల్లగా చెప్పండి. తాతగారి బీడీ గుమ్మం బయట అయినా చొక్కాతో లోపలికి వస్తుంది. కందుకూరు, పొదిలి వైపు చుట్టాలుంటే, పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో మంట పెట్టే నెలల్లో వీణ్ణి అక్కడ వారాల తరబడి ఉంచకండి.

ఇక మీ సంగతి. బాబుకి చేయగలిగినదానికంటే ఎక్కువ పుట్టబోయే బిడ్డకి ఇప్పుడే చేయొచ్చు. ఎర్ర ఐరన్ మాత్ర, 60 మిల్లీగ్రాములది, రోజూ వేసుకోండి, కనీసం 180 రోజులు. కాల్షియం మాత్ర వేరే పూట. టీ దాని పక్కకి రానివ్వొద్దు. చేప తినండి. డెన్మార్క్‌లో 2016లో చూపించినదాని ప్రకారం, గర్భం చివరి మూడు నెలలు చేపనూనె తీసుకున్న తల్లుల పిల్లల్లో పిల్లికూతలు, ఉబ్బసం 23.7 శాతం నుంచి 16.9కి తగ్గాయి. అది రోజుకి 2.4 గ్రాముల పెద్ద మోతాదు, పులుసులో అంత రాదు, నూనె బిళ్లలు మీ అంతట మీరు కొనొద్దు. కాన్పప్పుడు బిడ్డ ఏడ్చాక బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కట్ చేయమని ముందే డాక్టరమ్మని అడగండి. ఆ కాసేపట్లో వచ్చే రక్తం ఆరు నెలల ఐరన్ నిల్వకి పెట్టుబడి. పుట్టగానే తేనె, బెల్లం నీళ్లు, ఉగ్గుగిన్నెతో ఆముదం వద్దు, ముక్కులో నూనె చుక్కలు అసలే వద్దు. ఏడుస్తున్న పసిబిడ్డ నోట్లో పోసిన ఆముదం ఊపిరితిత్తుల్లోకి జారి, నెల రోజులు తగ్గని నిమోనియాగా మారడం నేను కళ్లారా చూశాను. ఆ నాయనమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆవిడ చెడు చేయాలని పోయలేదు.

ఇంకొక్కటి, ఇది ఈరోజే చేయండి. ఇంట్లో ఇప్పుడు రెండు రకాల ఐరన్ ఉంది. అంగన్‌వాడీ సిరప్ సీసాలో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు, 50 మిల్లీలీటర్ల సీసా అంటే వెయ్యి మిల్లీగ్రాములు. మీ మాత్రలు ఎర్రగా తీపి పూతతో ఉంటాయి, బాబు కంటికి అవి మాత్రల్లా కాదు, చాక్లెట్ బిళ్లల్లా కనపడతాయి. 10 కిలోల బిడ్డ అలాంటివి పది మింగితే ప్రాణం మీదికి వస్తుంది, సీసా మొత్తం తాగితే అంతకంటే ఘోరం. దిండు కింద, టీవీ పక్కన కాకుండా, రెండూ అటక మీద డబ్బాలో పెట్టి మూత బిగించండి.